దుప్పట్ల చాటున కరెంటు

కాకినాడలో సముద్రపు గాలి తగిలే ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లో, ఉన్నదాన్ని లేదని చెప్పే అలవాటున్న వరహాలరావు అనే టైల్స్ వ్యాపారి ఉండేవాడు.

అలవాటంటే అలాంటిలాంటి అలవాటు కాదు. అడిగేవాడి మాట పూర్తయ్యేలోపే ఆయన నోట్లోంచి "లేదండీ" వచ్చేసేది. నిచ్చెన అడిగితే బావమరిది పట్టుకెళ్లాడనేవాడు. ఆ నిచ్చెన ఆయన మంచం కింద హాయిగా పడుకుని ఉండేది. ఎవరైనా పేపరు అడుగుతారేమోనని పొద్దున్నే దాన్ని బాత్రూములో చదివి అక్కడే దాచేవాడు. ఒకసారి లిఫ్టులో ఎవరో "టైమెంతయిందండీ?" అంటే, వాచీ ఉన్న చేతిని వీపు వెనక్కి పెట్టి "లేదండీ" అన్నాడట. ఇది మాత్రం ఆయన భార్య అనంతలక్ష్మి చెప్పిన మాట. ఆవిడ కాస్త కలిపి చెప్పిందేమో మనకు తెలియదు.

వరహాలరావు చెడ్డవాడేం కాదు. ఒకటి ఇస్తే రెండోది అడుగుతారని ఆయన భయం. రెండోది ఇస్తే మూడోదాని కోసం మంచం కిందకి చూస్తారని ఇంకా భయం.

ఆ ఏడాది ఆయన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. ముత్యం రంగుది. పొద్దునా సాయంత్రం మెత్తని గుడ్డతో తనే తుడుచుకునేవాడు. దాని మీద ఆకు రాలితే చెట్టు వైపు కోపంగా చూసేవాడు.

కారు కొన్న రోజున షోరూంలో అమ్మాయి ఒక విశేషం చెప్పింది. "సార్, ఇంట్లో కరెంటు పోతే ఈ కారే మీకు కరెంటిస్తుంది. ఇందులో ఉన్న బ్యాటరీ అంత పెద్దది. ఫ్రిజ్జు, ఫాన్లు, లైట్లు రెండు మూడు రోజులు హాయిగా నడుస్తాయి."

వరహాలరావు చుట్టూ చూశాడు. "కాస్త నెమ్మదిగా చెప్పమ్మా," అన్నాడు.

"ఇక్కడ మనిద్దరమే ఉన్నామండీ."

"అయినా సరే, నెమ్మదిగానే చెప్పు."

"మా మనిషి వచ్చి వైరు లాగి, పద్ధతిగా అన్నీ బిగించి వెళ్తాడండీ."

"వద్దు వద్దు," అన్నాడు వరహాలరావు. ఆ మనిషి వస్తే వాచ్‌మన్ చూస్తాడు. వాచ్‌మన్ చూస్తే అపార్ట్‌మెంటంతా చూసినట్టే. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు ఆ పని తనే చేసుకున్నాడు. సెల్లార్‌లో కారు దగ్గర్నుంచి గోడ పైపుల సందులోంచి మొదటి అంతస్తులో ఉన్న తన వంటింటి కిటికీ దాకా వైరు లాగాడు. ఒక వైరు సరిపోలేదు. రెండు కలిపి నల్ల టేపు చుట్టాడు. ఆ అతుకు సరిగ్గా సెల్లార్ మెట్ల మీదికి వచ్చింది. దాన్ని కింది మెట్ల పక్కన ఒక ఇటుక మీద పెట్టి, పైన పగిలిన పూలకుండీ పెంకు కప్పాడు.

"అతుకలా కింద వదిలేస్తే ఎలాగండీ?" అంది అనంతలక్ష్మి.

"సెల్లార్‌లో వాన పడుతుందా ఏంటి? ఎవరి కంటా పడదు, అది చాలు," అన్నాడాయన.

కార్తీకంలో తుఫాను వచ్చింది. ఊళ్లో స్తంభాలు ఒరిగాయి, వైర్లు తెగి రోడ్ల మీద పడ్డాయి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. అపార్ట్‌మెంట్ ముందున్న తురాయి చెట్టు విరిగి, సెల్లార్‌లోంచి బండ్లు పైకొచ్చే దారికి అడ్డంగా పడింది. కార్లూ స్కూటర్లూ కిందే చిక్కుకుపోయాయి. అందరూ లబోదిబోమన్నారు. వరహాలరావు మాత్రం చలించలేదు. కారు కదలకపోతేనేం, అందులో కరెంటు కదిలి వస్తుందిగా.

సెల్లార్‌లోకి దిగి కారులో మీట నొక్కి వచ్చాడు. హాల్లో ఫాను తిరిగింది. ఫ్రిజ్జు గుర్రుమంది. ట్యూబులైటు వెలిగింది. అది వెలగ్గానే ఆయనకు చెమటలు పట్టాయి. ఊరంతా చీకటిగా ఉండి, ఈ ఒక్క కిటికీలో వెలుగు కనబడితే ఇంకేమైనా ఉందా? బీరువాలోంచి దుప్పట్లు లాగాడు. రగ్గులు లాగాడు. మేకులు కొట్టి కిటికీలకూ బాల్కనీ తలుపుకూ వేలాడదీశాడు. ఒక కిటికీకి చాలలేదు. భార్య పట్టుచీర మీద చెయ్యి వేశాడు.

"అది ముట్టుకుంటే నేనే వెళ్లి ఇంటింటికీ చెప్పొస్తాను," అంది అనంతలక్ష్మి.

చెయ్యి తీసేసి పాత లుంగీ తెచ్చుకున్నాడు.

దుప్పట్లు కట్టాక గాలి ఆడలేదు. గాలి ఆడక ఉక్కపోసింది. ఉక్కపోసిందని ఏసీ వేశాడు. ఏసీ వేశాక చలేసింది. కప్పుకుందామంటే దుప్పట్లన్నీ కిటికీలకు ఉన్నాయి. ఆయన మేజోళ్లు తొడుక్కుని కూర్చున్నాడు.

మిక్సీతో ఇంకో తంటా వచ్చింది. అనంతలక్ష్మి కొబ్బరి పచ్చడి రుబ్బుతున్నంతసేపూ ఆయన వీధి గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా దగ్గేవాడు. పచ్చడి మెత్తగా కావాలంటే ఆయన చాలాసేపు దగ్గాల్సి వచ్చేది. ఎదురింటివాళ్లు జాలిపడి మిరియాల కషాయం కాచి పంపారు. అది మాత్రం "వద్దండీ" అనలేదు, తాగేశాడు.

"ఏవండీ," అంది అనంతలక్ష్మి రెండో రోజున. "పైన నూకరాజుగారి పాప దోమలకి రాత్రంతా ఏడుస్తూనే ఉందట. ఒక్క ఫానైనా పెట్టుకోనిద్దాం."

"ఫాను పెట్టనిస్తే ఫోను తెస్తారు. ఫోను పెట్టనిస్తే ఫ్రిజ్జు మోసుకొస్తారు. నువ్వు ఊరుకో."

ఆ సాయంత్రం తలుపు టకటకలాడింది. వరహాలరావు టీవీ ఆపాడు, లైటు ఆర్పాడు, కొవ్వొత్తి వెలిగించాడు, మేజోళ్లు విప్పాడు, భుజాన తువ్వాలు వేశాడు, విసనకర్ర పట్టుకున్నాడు, మొహం వేలాడేశాడు. నాటకాల్లో వేషాలు కట్టేవాళ్లు కూడా అంత వేగంగా తయారు కాలేరు. తలుపు ఓరగా తీస్తే ఎదురుగా మంగతాయారుగారు. ఆవిడ అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు, నాలుగో అంతస్తు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి వచ్చినందువల్ల ఆయాసపడుతోంది.

"వరహాలరావుగారూ, మీ దగ్గర..."

"లేదండీ."

"నేనింకా అడగలేదండీ."

"మీరడిగేది నాకు తెలీదా? కరెంటే గదా. రెండ్రోజులుగా మాకు కంటి మీద కునుకు లేదండీ. దోమలు ఎత్తుకుపోతున్నాయి. ఇదిగో చూడండి," అని చెయ్యి చాపాడు. చేతి మీద ఏమీ లేదు. పాపం ఆవిడ కొవ్వొత్తి వెలుగులో దోమకాట్ల కోసం నిజంగానే వెతికింది.

"మీకొక్కరికే కాదులెండి. ఎవరింట్లోనైనా ఇన్వర్టరో జనరేటరో ఉందేమోనని అందర్నీ అడుగుదామని బయల్దేరాను. ఒక్క గంట మోటారు ఆడిందంటే చాలు, లేకపోతే..."

పైన ట్యాంకులోకి నీళ్లెక్కించే మోటారు గురించి కాబోలు అనుకున్నాడు వరహాలరావు. ఒక పూట స్నానం లేకపోతే ప్రాణాలేం పోవు అని కూడా అనుకున్నాడు. "ఈ ఇంట్లో ఈ కొవ్వొత్తి తప్ప ఇంకేం లేదండీ. ఉంటే మీకివ్వనూ?" అన్నాడు పైకి.

మంగతాయారుగారు కొంగుతో చెమట తుడుచుకుంది. "మీ ఇల్లు చల్లగా ఉందండీ," అంది.

"నేల మీద నీళ్లు చల్లాం."

"మంచి పని చేశారు. సరేనండీ, కాసేపు నడుం వాల్చండి. మేమే ఏదో తిప్పలు పడతాం," అని ఆవిడ వెళ్లిపోయింది.

తలుపు మూయగానే మళ్లీ లైటు వెలిగింది. టీవీలో ఆగిన సినిమా సాగింది.

"ఆవిడ మాట పూర్తి చెయ్యనివ్వలేదు మీరు," అంది అనంతలక్ష్మి.

"పూర్తిచేస్తే ఇవ్వాల్సొస్తుంది," అన్నాడాయన, మేజోళ్లు తొడుక్కుంటూ.

కాసేపటికి అనంతలక్ష్మి వంటింట్లోంచి, "కప్పలు అరుస్తున్నాయండీ," అంది.

"వానొస్తే అరవవూ?"

"వీధిలోంచి కాదు. మన సెల్లార్‌లోంచి."

వరహాలరావు టీవీ గొంతు తగ్గించాడు. నిజమే. కింద సెల్లార్‌లో కప్పలు కచేరీ పెట్టినట్టు అరుస్తున్నాయి. వాటి మధ్య మనుషుల గొంతులూ వినబడుతున్నాయి. రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఆయన బాల్కనీ దుప్పటి పక్కకు జరిపి, బయటికి వచ్చి కిందికి తొంగి చూశాడు.

వీధి చివర కాలవ పొంగింది. ఎర్రటి నీళ్లు తురాయి కొమ్మల సందుల్లోంచి గలగలా సెల్లార్‌లోకి దిగుతున్నాయి. లోపల ఆయన ముత్యం రంగు కారు ఉంది. దుప్పట్లు కట్టుకుని కూర్చున్న మనిషికి బయట వరదొచ్చిన సంగతే తెలియలేదు.

సెల్లార్ మెట్ల పైన అపార్ట్‌మెంట్ వాళ్లు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు, పోర్టులో క్రేను నడిపే నూకరాజు ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఆయన వెనక స్కూల్లో డ్రిల్లు నేర్పే డేవిడ్ మాస్టారు. గొడుగు పట్టుకుని మంగతాయారుగారు అందరికీ చెబుతోంది.

"మోటారు లేదు కాబట్టి బకెట్లతోనే తోడాలి. నూకరాజూ, నువ్వు కింది మెట్టు మీద నిలబడి ముంచి ఇవ్వు. మాస్టారు అందుకుంటారు. ఎలాగైనా వరహాలరావుగారి కారు మునక్కుండా చూడాలి. పల్లంలో ఉన్నది అదే. కొత్త బండి, బిడ్డలా చూసుకుంటున్నాడు మనిషి."

"ఆయన్ని కూడా రమ్మనకూడదాండీ?" అన్నాడు డేవిడ్ మాస్టారు.

"రెండ్రోజులుగా నిద్ర లేదన్నాడు. మొహం చూస్తే జాలేసింది. పడుకోనివ్వండి."

నూకరాజు మెట్ల వైపు వంగి చూశాడు. "లోపల చీకటిగా ఉందండీ. నీళ్లల్లో వైర్లేమన్నా ఉంటాయేమో."

డేవిడ్ మాస్టారు నవ్వాడు. "ఊళ్లో కరెంటే లేకపోతే వైరుకీ పురికొసకీ తేడా ఏముందయ్యా? దిగు."

వరహాలరావుకు అప్పుడు గుర్తొచ్చింది. అతుకు. ఇటుక మీద, పెంకు కింద, కింది మెట్ల పక్కన, నల్ల టేపు చుట్టిన అతుకు. వెనక్కి తిరిగి దుప్పటి సందులోంచి చూశాడు. హాల్లో ఫాను గిరగిరా తిరుగుతూనే ఉంది. అంటే అతుకులో కరెంటు పారుతూనే ఉంది. నీళ్లు ఇంకా ఇటుకను దాటలేదు. ఇప్పుడో ఇంకాసేపట్లోనో దాటుతాయి. అక్కడే నూకరాజు ఉత్తకాళ్లతో నిలబడబోతున్నాడు.

అరవాలని నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇన్నేళ్లుగా "లేదు" అనడానికి అలవాటు పడిన నాలుక అది. "ఉంది" అనమంటే మొరాయించింది. ఇప్పుడు ఉందంటే మంగతాయారుగారు ఏమంటుంది? కషాయం పంపినవాళ్లు ఏమంటారు? ఆ కాస్త ఆలోచనలోనే నూకరాజు ఒక మెట్టు దిగేశాడు.

"దిగకండి! కరెంటుంది!" అని అరిచాడు వరహాలరావు.

అందరూ తలలెత్తి చూశారు.

"కరెంటొచ్చినట్టు కల గన్నాడు పాపం," అంది మంగతాయారుగారు.

"కల కాదండీ. నిజంగానే ఉంది."

"ఎక్కడుందండీ?" అన్నాడు డేవిడ్ మాస్టారు.

"మా ఇంట్లో."

"మీ ఇంట్లో కొవ్వొత్తి తప్ప ఏం లేదని ఇందాకే చెప్పారుగా ప్రెసిడెంటుగారితో."

"అబద్ధం చెప్పానండీ. కారులోంచి వైరు లాక్కున్నాను. ఆ మెట్ల పక్కనే ఉంది."

కింద ఎవరో కిసుక్కుమన్నారు. కారుకి కరెంటు పెట్టడం విన్నారు గాని, కారు నుంచి కరెంటు రావడం వాళ్లెప్పుడూ వినలేదు. దోమలు కుట్టాయని దోమకాటు లేని చెయ్యి చూపించినా నమ్మినవాళ్లు, ఇప్పుడు నిజం చెబుతుంటే నమ్మడం లేదు.

"ఇలాంటప్పుడు వేళాకోళాలు వద్దండీ. చీకటి పడిపోతోంది," అని నూకరాజు బకెట్టు సర్దుకుని ఇంకో మెట్టు దిగాడు.

వరహాలరావు వెనక్కి తిరిగి బాల్కనీ దుప్పటిని రెండు చేతులా పట్టి లాగాడు. మేకులు ఊడి గోడ పెచ్చులు రాలాయి. పక్క కిటికీ రగ్గు లాగాడు. లుంగీ లాగాడు. అనంతలక్ష్మి అప్పటికే వంటింటి దుప్పటి పీకేసింది.

మసక చీకట్లో ఆ ఇల్లు పెళ్లివారి ఇల్లులా వెలిగిపోయింది. ట్యూబులైటు, తిరిగే ఫాను, టీవీలో స్టెప్పులేస్తున్న హీరోయిన్, ఏసీ మీద పచ్చగా మెరిసే అంకెలు, అన్నీ కిందవాళ్లకు స్పష్టంగా కనబడ్డాయి. వాటి మధ్య మేజోళ్లు తొడుక్కున్న వరహాలరావు, చేతిలో దుప్పటితో.

మంగతాయారుగారి గొడుగు చేతిలోంచి జారి నీళ్లలో పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. నూకరాజు కింది మెట్టు కోసం ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"వెనక్కి రా," అంది మంగతాయారుగారు. మళ్లీ అంది. "నూకరాజూ, వెనక్కి రా నాయనా."

డేవిడ్ మాస్టారు నూకరాజు చొక్కా పట్టి వెనక్కి లాగాడు. నూకరాజు పై మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆపండి మరి దాన్ని," అని పైకి అరిచాడు మాస్టారు.

"ఆపాలంటే కారు దగ్గరికి వెళ్లాలండీ," అన్నాడు వరహాలరావు. ఆ మాట చెబుతుంటే ఆయన పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఏసీ వల్ల కాదు.

అంతలో సెల్లార్‌లోంచి ఛట్‌మని చప్పుడు వచ్చింది. కింది మెట్టు దగ్గర నీళ్ల మీద నీలంగా ఒక మెరుపు మెరిసింది. పైన లైటు, ఫాను, టీవీ అన్నీ ఒకేసారి ఆరిపోయాయి. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న కప్పలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

కాసేపటికి ఒక కప్ప వెల్లకిలా తేలుతూ మెట్ల దగ్గరికి వచ్చింది. దాని తెల్లటి పొట్ట ఆ మసకలో అందరికీ కనబడింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది.

వరహాలరావు మెట్లు ఎలా దిగి వచ్చాడో ఆయనకే తెలియదు. అందరూ దారి ఇచ్చారు. కారు తనంతట తాను కరెంటు ఆపుకుందో, వైరు కాలిపోయిందో, ఇంకా నీళ్లలో కరెంటు ఉందో లేదో చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు. ఇక ఎవరూ ఆ నీళ్లలోకి దిగే ధైర్యం చెయ్యలేదు. బకెట్లు పట్టుకుని, పక్కపక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు. ముత్యం రంగు కారుకు ముందు చక్రాలు మునిగాయి. తర్వాత తలుపులు మునిగాయి. ఆపైన అద్దాల మీదికి ఎర్రటి నీళ్లు ఎక్కాయి.

"ఒక్క గంట మోటారు ఆడుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అంది మంగతాయారుగారు, ఎవరితోనో అన్నట్టు.

"ఏ మోటారండీ?" అన్నాడు వరహాలరావు.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "సెల్లార్ నీళ్లు తోడే మోటారు. నీళ్లు అప్పుడే రావడం మొదలైంది. మీ కారు మునిగిపోతుందని చెప్పడానికే ముందు మీ ఇంటికి వచ్చాను. మీరు నన్ను చెప్పనివ్వలేదు."

వరహాలరావు కారులోని కరెంటుతోనే ఆయన కారు బతికేది. దాన్ని అడగడానికి వచ్చిన మనిషికి ఆయన విసనకర్ర చూపించి పంపాడు.

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది. తలవంచుకుని వెళ్లి నూకరాజు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. నూకరాజు తన కాలి వైపే చూసుకుంటున్నాడు. పైనుంచి ఆయన పాప "నాన్నా" అని పిలుస్తున్నా ఆయనకు వినబడడం లేదు.

"నూకరాజూ," అన్నాడు వరహాలరావు.

నూకరాజు తల తిప్పాడు. "ఇంకొక్క మెట్టండి," అన్నాడు.

ఆ మాటకు వరహాలరావు రెండు చేతుల్లో మొహం దాచుకుని, అందరి ముందూ పెద్దగా ఏడ్చాడు. ఆయన కారు కోసం ఏడవడం లేదని అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. పాప ఇంకోసారి పిలిచింది. "ఉన్నాడమ్మా, మీ నాన్న ఇక్కడే ఉన్నాడు," అని వరహాలరావే పైకి జవాబిచ్చాడు.

మన దగ్గరున్నది ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనని చెప్పవచ్చు గాని, ఉన్నదాన్ని లేదని మాత్రం చెప్పకూడదు. ఆ మాటను నిజమని నమ్మి కాలు ముందుకు వేసేవాళ్లు ఉంటారు.